మీకు తెలుసా? ఒంట్లో మడతలు, తలలో చిక్కులు

స్కాన్ రిపోర్టులో 'ప్లైకా' అన్న మాట కనబడగానే చాలామందికి గుండె గుభేలుమంటుంది. అదేదో పెద్ద జబ్బు పేరని కంగారు పడతారు. లాటిన్‌లో ఆ మాటకు అర్థం మడత, అంతే. ఆ పేరు పెట్టుకున్న మడతలు కంటి నుంచి మోకాలి దాకా మన ఒంట్లో చాలాచోట్ల ఉన్నాయి. జడలు కట్టిన జుట్టుకూ వైద్యులు ఆ పేరే పెట్టారు. పాతకాలపు వృక్షశాస్త్రం మరో అడుగు వేసి, కొమ్మల చివర గుబురుగా చిక్కుపడి పెరిగే మొగ్గలను కూడా అలాగే పిలిచింది. ఈ మడతల్లో మనకు మేలు చేసేవేవో, ఆ చిక్కుల్లో విప్పుకోవలసినవేవో ఒక్కొక్కటిగా చూద్దాం.

కంటి మూలన మూడో రెప్ప ఆనవాలు

అద్దం ముందు నిలబడి, ముక్కు వైపున్న కంటి మూలను గమనించండి. పుసి చేరే చోట చిన్న గులాబి రంగు బుడిపె ఉంటుంది. దానికి ఆనుకుని, తెల్లగుడ్డు మీదికి నెలవంక ఆకారంలో సన్నని మడత కనిపిస్తుంది. అదే 'ప్లైకా సెమిల్యునారిస్'. ఇప్పుడు ఆ కంటిని చెవి వైపు తిప్పండి, మడత సాగి పలచబడుతుంది. ముక్కు వైపు తిప్పండి, మళ్లీ దగ్గరకు చేరుతుంది. కనుగుడ్డు స్వేచ్ఛగా పక్కకు తిరగాలంటే అక్కడ ఆ కాస్త వదులు ఉండాలి.

కోడి కన్ను ఆర్పేటప్పుడు దగ్గర నుంచి చూస్తే, ముక్కు వైపు నుంచి ఒక పలచని పొర కంటి మీదికి అడ్డంగా జారి వెనక్కు పోతుంది. అది దాని మూడో రెప్ప. పిల్లికీ కుక్కకూ కూడా ఉంది. పిల్లికి ఒంట్లో బాగా లేనప్పుడు ఆ పొర కంటికి అడ్డంగా నిలిచిపోయి కనబడటం కద్దు. మనలో ఆ రెప్ప పని చేయడం మానేసి, ఈ చిన్న మడతగా మిగిలింది.

నాలుక పైకెత్తి చూశారా?

నాలుక కొసను అంగిలికి ఆనించి అద్దంలో చూడండి. నడుమ ఒక నిలువు పొర నాలుకను అడుగు భాగానికి కలుపుతూ ఉంటుంది. దానికి రెండు పక్కలా నీలంగా సిరలు కనిపిస్తాయి. ఆ సిరలకు కాస్త అవతల, అంచు చిన్న కుచ్చులుగా ఉన్న మడతే 'ప్లైకా ఫింబ్రియాటా'. ఇంకా కిందికి, నాలుక మొదట్లో నోటి అడుగున ఉబ్బెత్తుగా ఉండే మడత మీద లాలాజల గ్రంథుల సన్నని నాళాలు తెరుచుకుంటాయి.

గుండెనొప్పి వచ్చేవాళ్లకు కొన్ని మాత్రలు నాలుక కింద పెట్టుకోమని చెప్పేది ఈ చోటు కోసమే. ఇక్కడి పొర చాలా పలచన, రక్తనాళాలు పైపైనే ఉంటాయి. మందు నేరుగా రక్తంలో కలుస్తుంది. మింగితే ముందు కాలేయం దాటాలి, అక్కడే చాలా మందు విరిగిపోతుంది. అందుకే ఆ మాత్రను కంగారులో మింగేయకూడదు. ఇంట్లో అలాంటి రోగి ఉంటే ఈ ఒక్క సంగతి అందరికీ తెలిసి ఉండాలి.

గొంతులో తీగలు లేవు, మడతలున్నాయి

1741లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆంత్వాన్ ఫెరాఁ స్వరపేటికలోని అంచులను వాద్యం తీగలతో పోల్చి వాటికి స్వరతంత్రులని పేరు పెట్టాడు. ఆ పేరు లోకమంతా పాకింది. నిజానికి అవి బిగించి కట్టిన తీగలు కావు. కండరం మీద మెత్తని పొరలు కప్పుకున్న రెండు మడతలు, 'ప్లైకా వోకాలిస్'. ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలి వాటిని తోసి తెరుస్తుంది, వాటి సాగే గుణం మళ్లీ దగ్గరకు చేరుస్తుంది. మామూలుగా మాట్లాడేటప్పుడు మగవారిలో సెకనుకు 100 సార్లకు పైగా, ఆడవారిలో దాదాపు 200 సార్లు ఇలా జరుగుతుంది.

బతికున్న మనిషి గొంతులో వాటి కదలికను 1854లో స్పష్టంగా చూసినవాడు డాక్టరు కాదు, మాన్యుయెల్ గార్సియా అనే స్పానిష్ సంగీత గురువు. చిన్న అద్దంతో, ఎండ వెలుగు సాయంతో తన గొంతులోకి తానే చూసుకున్నాడు. మరుసటి ఏడాది లండన్ రాయల్ సొసైటీకి ఆ వివరాలు సమర్పించాడు. 1906లో నూట ఒక్క ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

ఈ మడతలకు పైన మరో జత ఉంటుంది. అవి పాడవు. బరువు ఎత్తేటప్పుడు, దగ్గేటప్పుడు గాలిదారి మూసి ఊపిరి బిగబట్టడానికి తోడ్పడతాయి. పాఠాలు చెప్పే టీచర్లు, గాయకులు, రోజంతా అరిచి సరుకు అమ్మేవాళ్లలో కింది జత ఒరుసుకుని కాయ కాసినట్టు గట్టిపడుతుంది. బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోవాలి. గొంతుకు విశ్రాంతి అని గుసగుసగా మాట్లాడటం మంచిది కాదు, బిగబట్టి చేసే గుసగుసతో ఇంకా శ్రమ పడుతుంది. అసలు మాట్లాడకపోవడమే విశ్రాంతి.

కడుపు మడతలు విడిపోతాయి, పేగు మడతలు విడిపోవు

ఖాళీ కడుపు లోపలి పొర నిండా ముడతలుంటాయి. భోజనం చేసేకొద్దీ అవి విచ్చుకుని సాపు అవుతాయి. చిన్నపేగు సంగతి వేరు. దాని లోపల అడ్డంగా, గుండ్రంగా తిరిగిన మడతలు ఎంత నిండినా విడిపోవు. శ్లేష్మపొరతో పాటు దాని కింది పొర కూడా ఆ మడతలోకి పెరిగి ఉండటమే కారణం. డచ్చి వైద్యుడు థియోడర్ కెర్క్రింగ్ 1670లో వెలువరించిన గ్రంథంలో వీటిని వర్ణించాడు. అందుకే ఇప్పటికీ వీటిని కెర్క్రింగ్ మడతలంటారు.

కడుపు దాటిన తరువాత కొద్ది దూరంలోనే ఇవి మొదలవుతాయి. పేగు నడి భాగం ఆరంభంలో ఒత్తుగా, ఎత్తుగా ఉంటాయి. చివరికి వచ్చేసరికి పలచబడి దాదాపు కనబడకుండా పోతాయి. అరిగిన ఆహారం జారిపోకుండా ఇవి నెమ్మదింపజేస్తాయి, సుడి తిప్పుతాయి. పీల్చుకోవలసింది ఎక్కువ ఉన్న చోట మడతలు ఎక్కువ, తక్కువ ఉన్న చోట తక్కువ.

ఎక్స్‌రే చూసే డాక్టరుకు ఇవే ఆనవాలు. పేగు అడ్డుపడి ఉబ్బినప్పుడు, ఆ గీతలు పేగు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పూర్తిగా సాగితే అది చిన్నపేగు. మధ్యలోనే ఆగిపోతే చాలావరకు పెద్దపేగు. అడ్డంకి ఎక్కడుందో తేల్చడానికి ఈ తేడా అక్కరకొస్తుంది.

పేగు వైశాల్యం టెన్నిస్ కోర్టంత కాదు

పేగును విప్పి పరిస్తే టెన్నిస్ కోర్టంత అవుతుందని ఎన్నో పుస్తకాల్లో చదివాం. టెన్నిస్ కోర్టు 260 చదరపు మీటర్లు. స్వీడన్ పరిశోధకులు హెలాండర్, ఫాండ్రిక్స్ 2014లో సూక్ష్మదర్శిని కొలతలతో ఈ లెక్క మళ్లీ కట్టారు. నోటి నుంచి మలద్వారం దాకా మొత్తం జీర్ణనాళం లోపలి వైశాల్యం సగటున సుమారు 32 చదరపు మీటర్లని తేలింది. అంటే బ్యాడ్మింటన్ కోర్టులో సగం కూడా కాదు. అందులో పెద్దపేగు వాటా సుమారు 2 చదరపు మీటర్లే, తక్కిన దాంట్లో సింహభాగం చిన్నపేగుది.

ఆ వైశాల్యం మూడు అంచెల్లో పెరుగుతుంది. మొదట కంటికి కనిపించే మడతలు, వాటి మీద వేళ్లలా లేచిన సన్నని చూషకాలు, ఒక్కో చూషకం మీది కణాలకు మళ్లీ సూక్ష్మమైన నూగు. గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బులో ఈ చూషకాలు అరిగి చదునవుతాయి. అప్పుడు పిల్లలు ఎంత తిన్నా ఒంటికి పట్టదు, రక్తహీనత వదలదు. బిడ్డ ఎదగడం లేదని టానిక్కులు మార్చడం కంటే సీలియాక్ పరీక్ష చేయించడం మేలు.

పైత్యం దారిలో ఒకటి, పేగు చివర మూడు

పిత్తాశయం నుంచి వచ్చే సన్నని నాళంలో మెలితిరిగిన మడత ఒకటుంది. జర్మన్ శస్త్రవైద్యుడు లోరెంజ్ హైస్టర్ పేరు దానికి మిగిలింది. కవాటం అని పేరున్నా దారి మూయడం దాని పని కాదు. పైత్యరసం లోపలికీ బయటికీ రెండు వైపులా పారుతుంది. నాళం నలిగి మూసుకుపోకుండా మడత కాపాడుతుంది.

మలాశయంలో సాధారణంగా మూడు అడ్డ మడతలుంటాయి. డబ్లిన్ వైద్యుడు జాన్ హ్యూస్టన్ వీటిని 1830లో వర్ణించాడు. పేరుకున్న బరువును అవి కింద నుంచి మోస్తాయి. మనం వెళ్లే దాకా ఆపుకోగలగడంలో వాటికీ పాత్ర ఉంది.

బిడ్డ ప్రయాణం మొదలయ్యే మడతలు

స్త్రీ శరీరంలో అండాశయం నుంచి గర్భసంచికి వెళ్లే ఫెలోపియన్ ట్యూబు పొడవు 10 నుంచి 12 సెంటీమీటర్లు. దాని వెడల్పైన భాగాన్ని అడ్డంగా కోసి చూస్తే లోపల ఖాళీ దాదాపు కనబడదు, కొమ్మలు కొమ్మలుగా చీలిన మడతలే. వాటి మీద సూక్ష్మమైన రోమాలు అల్లాడుతూ అండాన్ని ముందుకు నడుపుతాయి. అండమూ వీర్యకణమూ సాధారణంగా కలిసేది ఈ మడతల నడుమే. పిండం గర్భసంచి చేరడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది.

క్షయ, క్లమీడియా, గనేరియా లాంటి ఇన్ఫెక్షన్లు సోకితే మడతలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. దారి పూర్తిగా మూసుకుంటే గర్భం రాదు. సగం మూసుకుంటే పిండం ట్యూబులోనే చిక్కుకోవచ్చు. నెలసరి తప్పి, పొత్తికడుపులో ఒక పక్క నొప్పి, కళ్లు తిరగడం ఉంటే తెల్లారే దాకా ఆగకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ట్యూబు పగిలితే లోపల రక్తం పోయి ప్రాణం మీదికి వస్తుంది.

1978లో ఇంగ్లండులో పుట్టిన తొలి టెస్ట్‌ట్యూబ్ బిడ్డ లూయీస్ బ్రౌన్ తల్లికి ఉన్న ఇబ్బంది కూడా మూసుకుపోయిన ట్యూబులే. ఆ దారితో పని లేకుండా పిండాన్ని నేరుగా గర్భసంచిలో పెట్టే ఉపాయం అక్కడి నుంచి మొదలైంది.

మోకాలిలో మిగిలిపోయిన గోడలు

తల్లి కడుపులో ఉన్నప్పుడు మన మోకాలి కీలు లోపల పలచని పొరలు అడ్డుగోడల్లా ఉంటాయి. పిండం ఎదిగేకొద్దీ అవి కరిగి గది ఒక్కటవుతుంది. కరగకుండా మిగిలిన పొరల అంచులే మోకాలి ప్లైకాలు. చిప్ప పైన, కింద, లోపలి పక్కన, బయటి పక్కన ఉండవచ్చు. చాలామందిలో ఉంటాయి, కొద్దిమందినే బాధిస్తాయి.

ఇబ్బంది పెట్టేది ఎక్కువగా లోపలి పక్క మడత. పరుగు, సైకిలు, మాటిమాటికీ మెట్లెక్కడం, దెబ్బ తగలడం లాంటి వాటివల్ల అది వాచి గట్టిపడుతుంది. మోకాలు ముడిచినప్పుడు చిప్పకూ తొడ ఎముకకూ మధ్య నలిగి 'టక్కు'మంటుంది. మొదట విశ్రాంతి, ఐస్, తొడ కండరాలను సాగదీసి బలపరిచే వ్యాయామాలు. చాలామందికి వీటితోనే తగ్గుతుంది. తగ్గకపోతేనే సన్నని గొట్టం పంపి ఆ మడతను తీసేస్తారు. రిపోర్టులో ప్లైకా అని రాసినంత మాత్రాన ఆపరేషన్ కావాలని కాదు.

ఆ గొట్టం కథ మనల్ని జపాన్‌కు తీసుకెళుతుంది. 1918లో కెంజి తకాగి మూత్రాశయం చూసే గొట్టంతో ఒక మృతదేహం మోకాలి లోపల చూశాడు. మోకాలికి క్షయ సోకి కీలు బిగుసుకుపోతే నేల మీద కూర్చునే జపానీయులకు రోజు గడవడమే కష్టం. జబ్బును ముందుగా పట్టుకోవాలన్న తపనే ఆయన చేత ఆ పని చేయించింది. నేల మీద కూర్చుని తినే అలవాటున్న మనకు ఆ తపన సులువుగానే అర్థమవుతుంది.

సర్జన్ వేసే మడత

శరీరం వేయని మడతను అవసరమైతే సర్జన్ వేస్తాడు. కడుపులోని ఆమ్లం మందులకు లొంగకుండా పైకి తన్నుతుంటే, జీర్ణాశయం పై భాగాన్ని అన్నవాహిక చుట్టూ తిప్పి కుట్టేస్తారు. దీన్ని మొదలుపెట్టినవాడు రుడాల్ఫ్ నిస్సెన్. 1955లో చేసిన ఆపరేషన్‌ను మరుసటి ఏడాది ప్రకటించాడు. యూదుడు కావడంతో 1933లో జర్మనీ విడిచి ఇస్తాంబుల్, అక్కడి నుంచి అమెరికా వెళ్లాడు. న్యూయార్క్‌లో ఉండగా 1948లో ఐన్‌స్టీన్ కడుపులో ఉబ్బిన రక్తనాళానికి సెల్లోఫేన్ కాగితం చుట్టిన సర్జన్ కూడా ఈయనే. ఐన్‌స్టీన్ ఆ తరువాత మరో ఆరేళ్లకు పైగా బతికాడు.

నువ్వు చేనుకు వెర్రి

ఇక మొదట్లో చెప్పుకున్న చిక్కుపడ్డ మొగ్గల సంగతి. నువ్వు చేలో కొన్ని మొక్కలు పూత దశలో పూలకు బదులు ఆకుపచ్చని చిట్టి ఆకుల గుత్తులు వేస్తాయి. కొమ్మల చివర గుబురుగా చిక్కుకుపోతాయి, కాయ కట్టదు. రైతులు దీన్ని వెర్రి తెగులంటారు. వంగలోనూ వస్తుంది. ఆకులు చిట్టివై, మొక్క పొదలా అవుతుంది, కాయ ఉండదు. చాలాకాలం ఇలాంటి తెగుళ్లు వైరస్‌వని అనుకున్నారు. 1967లో జపాన్ శాస్త్రజ్ఞులు అసలు దోషిని పట్టుకున్నారు. అది కణకవచం లేని సూక్ష్మజీవి, ఫైటోప్లాస్మా. మొక్క ఆహారం పారే నాళాల్లో కాపురం ఉంటుంది. రసం పీల్చే దీపపు పురుగులు ఒక మొక్క నుంచి మరో మొక్కకు మోసుకెళతాయి. తెగులు సోకిన మొక్క కోలుకుంటుందని చూడటం దండగ. కనబడగానే పీకి తగలబెట్టి, పురుగును అదుపు చేయాలి.

సజ్జలో వచ్చే వెర్రి కంకి తెగులు చూడటానికి ఇలాగే ఉంటుంది, గింజ ఉండవలసిన చోట ఆకులు మొలుస్తాయి. కారణం మాత్రం వేరు, అది బూజు జాతి జీవి. మెటలాక్సిల్‌తో విత్తనశుద్ధి చేస్తే అదుపులో ఉంటుంది. రూపం ఒకటైనా రోగం వేరు కాబట్టి, మందు కొనే ముందు వ్యవసాయ అధికారికి మొక్కను చూపించడం మంచిది.

వెంట్రుక ఒక దిక్కుకే నడుస్తుంది

పొడవాటి వెంట్రుకను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, వేళ్లను వెంట్రుక పొడవునా ముందుకూ వెనక్కూ రుద్దండి. అది కదిలితే కుదురు వైపే కదులుతుంది. పెంకుటింటి కప్పులా వెంట్రుక మీద పొలుసులు ఒకదాని మీద ఒకటి పరుచుకుని, కొస వైపు తిరిగి ఉండటమే దానికి కారణం. ఎదురు దిశలో రాసుకుంటే అవి పట్టేస్తాయి.

తలస్నానం చేసేటప్పుడు జుట్టంతా నడినెత్తికి పోగుచేసి గుండ్రంగా బరబరా రుద్దితే ఈ పొలుసులు ఒకదానిలో ఒకటి ఇరుక్కుంటాయి. పొలుసులు దెబ్బతిన్న జుట్టయితే మరీ త్వరగా. ఒక్కోసారి ఒక్క స్నానంతోనే జుట్టు విప్పలేని ముద్ద అయిపోతుంది. దీన్నే వైద్యంలో 'ప్లైకా పొలోనికా' అంటారు. షాంపూ కుదుళ్లకే పట్టించి, కొస దాకా నిలువుగా జారనివ్వాలి. తువాలుతో రుద్దకుండా అద్దుకోవాలి. మంచాన పడ్డ పెద్దవాళ్లకు రోజూ దువ్వి రెండు జడలు వేస్తే ఈ బాధ ఉండదు.

పోలండును పట్టుకున్న జడ

పొలోనికా అంటే పోలండుకు చెందినదని. కొన్ని శతాబ్దాల పాటు అక్కడి పల్లెల్లో అట్టకట్టిన జుట్టును జబ్బు బయటికి వచ్చే దారిగా నమ్మారు. కోస్తే ఆ జబ్బు లోపలికి తిరిగి కళ్లు పోతాయని, పిచ్చి పడుతుందని భయపడ్డారు. కావాలని పెంచుకున్నవారూ ఉన్నారు. క్రాకో నగరంలోని యాగెలోనియన్ విశ్వవిద్యాలయ వైద్య మ్యూజియంలో మీటరున్నర పొడవున్న అలాంటి జడ ఒకటి ఇప్పటికీ భద్రంగా ఉంది.

ఆ విశ్వవిద్యాలయంలోనే ఆచార్యుడిగా పనిచేసిన డాక్టర్ యూజెఫ్ డీట్ల్ 19వ శతాబ్దం నడుమ ఈ నమ్మకం మీద యుద్ధం ప్రకటించాడు. ఇది జబ్బు కాదు, శుభ్రత లేకపోవడమని చెప్పాడు. జడలున్నవారి లెక్క తీయించాడు. వాళ్లకు పన్ను పడుతుందన్న వదంతి కూడా పుట్టి చాలామంది కత్తెర పట్టారు. 1866లో ఆయన క్రాకో మేయరయ్యాడు. కోసిన వాళ్ల కళ్లు పోలేదు. నమ్మకమే పోయింది.

ఇక్కడ ఆ పని ఇంకా మిగిలే ఉంది

కర్ణాటక, మహారాష్ట్ర పల్లెల్లో ఆడపిల్ల జుట్టు జడలు కడితే ఎల్లమ్మ పిలిచిందని అనేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ ఒక్క చిక్కు పేరు చెప్పి ఎందరో పిల్లల్ని దేవదాసీలుగా మార్చారు. తెలంగాణ పల్లెల్లో జోగినులు పడ్డ పాట్లు మనం ఎరిగినవే. అమ్మాయిల్ని ఇలా అర్పించడాన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1988 చట్టం నేరంగా ప్రకటించింది. మహారాష్ట్రలో అంధశ్రద్ధ నిర్మూలన సమితి కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి, నచ్చజెప్పి, ఆడవాళ్ల జడలు కత్తిరిస్తున్నారు. ఆ సమితిని స్థాపించిన డాక్టర్ నరేంద్ర దాభోల్కర్ 2013 ఆగస్టు 20న పుణెలో హత్యకు గురయ్యారు. ఆయన పోయినా కత్తెర ఆగలేదు.

సాధువు తన ఇష్టంతో పెంచుకునే జటల గురించి కాదు ఈ మాట. వద్దని చెప్పలేని పిల్ల నెత్తిన పేరుకున్న బరువు గురించి. దాని కింద పేలు, పుళ్లు, వాసన, మెడనొప్పి. కొత్తగా కట్టిన చిక్కయితే నూనె బాగా పట్టించి, లావుపాటి అల్లిక సూదితో కొసల నుంచి ఓపిగ్గా విప్పవచ్చు. పాతదైతే కత్తిరించడమే దారి. మనిషి తలను, ఒంటిని పట్టించుకోవడమే మానేసి జుట్టు అలా అయిందనుకుంటే, దిగులు జబ్బేమోనని మానసిక వైద్యుడికి కూడా చూపించాలి.

జుట్టు తీస్తే దేవతకు కోపం వస్తుందన్న భయం మన ఇళ్లలో నిలవకూడదు. తిరుమలలో రోజూ వేలమంది తలనీలాలు ఇచ్చి మొక్కు తీర్చుకుంటున్నారు. పసిపిల్లకు పుట్టువెంట్రుకలు తీయించి పండగ చేసుకునే జాతి మనది. ఆ పిల్లే పెద్దదయ్యాక జడలు కడితే, అప్పుడూ అదే చనువుతో కత్తెర తీసుకోండి, స్నానం చేయించండి, బడికి పంపండి.